పంజరం, తొర్ర, అడవి: పెద్దచిలుక సంరక్షణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు సాహిత్యంలోనూ, జానపద కథల్లోనూ, ఇళ్లలోనూ చిలుకకు ఉన్న చోటు పెద్దది. ఆ చోటు చాలావరకు పంజరమే. పంజరంలోని చిలుక పలకాలని మనుషులు ఆశించారు గాని, పిల్లలను కనాలని ఆశించలేదు. అంతరించే దశకు చేరిన చిలుకజాతులను బంధనంలో పెంచి తిరిగి అడవికి వదిలే ఆధునిక పద్ధతి ఈ సంబంధాన్ని తలకిందులు చేసింది. తెలుగువారు దాదాపు రెండు శతాబ్దాలుగా నివసిస్తున్న మారిషస్ దీవిలో ఆ పద్ధతి ఎలా సాగిందో పరిశీలించి, ఓరుగల్లు ప్రాంతపు అడవుల వంటి చోట్ల బతికే పెద్దచిలుకకు ఆ అనుభవంలో ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పెద్దచిలుక, రామచిలుక, పంజరం, సంరక్షణ ప్రజననం, మారిషస్, వన్యప్రాణి చట్టం, వరంగల్

1. ఉపోద్ఘాతం

వరంగల్ నగరానికి తూర్పున పాకాల, దాని ఆవల ఏటూరునాగారం అడవులు గోదావరి దిశగా విస్తరించి ఉన్నాయి. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్ది ఆరంభంలో నిర్మించిన పాకాల చెరువు చుట్టూ ఉన్న అడవినీ, ఏటూరునాగారం అడవినీ 1950ల తొలి ఏళ్లలో హైదరాబాద్ రాష్ట్రం వన్యప్రాణి అభయారణ్యాలుగా ప్రకటించింది. ఈ అడవుల అంచున ఉన్న ఊళ్లలో చిలుక అంటే రామచిలుకే. జొన్నచేల మీద, జామతోటల మీద గుంపులుగా వాలేది అదే. రైతుకు దానితో తగవు ఉంది, పిల్లలకు చెలిమి ఉంది. దాని మనుగడకు ప్రస్తుతం ముప్పు లేదు. నగరాల్లోని పాత భవనాల కంతల్లో కూడా అది గూడు కట్టుకోగలదు.

దానికి దగ్గరి బంధువైన పెద్దచిలుక సంగతి వేరు. రామచిలుక ముక్కుకొన నుంచి తోకకొన దాకా 40 సెంటీమీటర్లు ఉంటే, పెద్దచిలుక 55 నుంచి 60 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. రెక్క పైభాగంలో ఎర్రని మచ్చ, బరువైన ఎర్రని ముక్కు, కొంచెం బొంగురు గొంతు దాని గుర్తులు. అలెగ్జాండర్ కాలంలో ఈ జాతి చిలుకలు పడమటి దేశాలకు చేరాయన్న నమ్మకం మీద ఐరోపావారు దానికి ఆ చక్రవర్తి పేరే పెట్టారు. దక్కను ఆకురాల్చు అడవులు దాని సహజ నివాసాలలో ఒకటి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీనిని ముప్పుకు చేరువలో ఉన్న జాతిగా వర్గీకరించింది. అందుకు సంఘం చూపిన కారణాలలో ప్రధానమైనవి రెండు: గూడు కోసం అవసరమైన పెద్ద చెట్లు తగ్గిపోవడం, గూళ్ల నుంచి పిల్లలను ఎత్తుకెళ్లడం.

ఇటువంటి జాతి విషయంలో తరచుగా వినిపించే సూచన ఒకటుంది. జంతుప్రదర్శనశాలల్లో పిల్లలను పెంచి అడవికి వదిలితే సరిపోదా అన్నదే ఆ సూచన. వినడానికి సులువుగా ఉన్న ఈ ప్రశ్న వెనుక చాలా పొడవైన చరిత్ర ఉంది. పంజరం మనకు కొత్త కాదు. అందులో చిలుక తన జాతిని కొనసాగించాలన్న ఊహే కొత్తది.

2. పలుకు కోసం పంజరం

వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో శుకశారికాప్రలాపనం ఒకటి. చిలుకకు, గోరువంకకు మాటలు నేర్పడం నాగరికుని విద్యల్లో చేరింది. క్రీస్తు పూర్వమే భారతదేశపు వింతల గురించి రాసిన గ్రీకు వైద్యుడు క్టీసియస్ కూడా ఇక్కడి పక్షి ఒకటి మనిషిలా మాట్లాడుతుందనీ, గ్రీకు నేర్పితే గ్రీకే మాట్లాడుతుందనీ ఆశ్చర్యపోయాడు. దేశీయుని దృష్టికీ, విదేశీయుని దృష్టికీ చిలుకలో మొదట కనిపించింది పలుకే. దాని గూడు ఎక్కడ, గుడ్లు ఎన్ని, పిల్లలు ఎప్పుడు ఎగురుతాయి అన్న విషయాలు వారిని అంతగా ఆకర్షించలేదు.

తెలుగు నుడికారం ఈ దృష్టిని భద్రంగా దాచిపెట్టింది. అర్థం తెలియకుండా వల్లించే చదువు చిలుకపలుకులు. ఓపికగా నచ్చజెప్పడం చిలుకకు చెప్పినట్టు చెప్పడం. మడిచిన తమలపాకులు చిలకలు, పాతకాలపు గోడలకు బట్టలు తగిలించుకునేది చిలుకకొయ్య, లేత పచ్చరంగు చిలకపచ్చ. ఇంటి నిండా చిలుక ఉంది. అన్యోన్యంగా ఉండే దంపతులను చిలకాగోరింకలు అంటారు. ఈ మాట దగ్గర కొంచెం ఆగవలసి ఉంది. చిలుకకు జంటగా తెలుగువారు, వారికి ముందు సంస్కృత కవులు, చూపింది మరో చిలుకను కాదు, గోరువంకను. రెండూ మాట నేర్చే పక్షులు, రెండూ ఇంట్లో పక్కపక్క పంజరాల్లో ఉండేవి. జీవశాస్త్రం ప్రకారం ఈ జంటకు పిల్లలు పుట్టరు. మనుషుల ఇంట్లో చిలుకకు జత ఎవరో నిర్ణయించింది మనుషుల అవసరమే అనడానికి ఇంతకంటే స్పష్టమైన భాషాసాక్ష్యం దొరకడం కష్టం.

17వ శతాబ్దికి చెందిన పాలవేకరి కదిరీపతి శుకసప్తతిలో చిలుకదే కథకుని పాత్ర. భర్త దూరదేశం వెళ్లినప్పుడు అతని భార్య రాత్రివేళ ఇల్లు దాటకుండా, కథ వెంట కథ చెబుతూ నిలిపివేసేది అదే. లోకవ్యవహారం, శృంగారం, నీతి, హాస్యం అన్నీ ఆ చిలుకకు తెలుసు. ఇల్లు దాటనివ్వని పని చేస్తున్న ఆ పక్షి తానే ఇల్లు దాటలేని స్థితిలో ఉంది. కావ్యం ఆ విషయాన్ని సమస్యగా భావించదు. చిలుక ఇంటి మనిషే. గోదాదేవి చేతిలోని చిలుక, మన్మథుని వాహనమైన చిలుక కూడా ఇదే కోవలో మనిషి కోరికకు దూతలు.

జానపద కథ మరో దారి పట్టింది. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణం అతని ఒంట్లో ఉండదు, సప్తసముద్రాల ఆవల ఒక చిలుకలో ఉంటుంది. బాలవర్ధిరాజు అంత దూరం వెళ్లి ఆ చిలుకను పట్టి తెస్తేనే తల్లికి విముక్తి. బుర్రకథగా పల్లెల్లోనూ, 1942లో సినిమాగా పట్టణాల్లోనూ ఈ కథ తెలుగువారందరికీ చేరింది. మాట నేర్చిన చిలుక ఇక్కడ లేదు. ప్రాణం నిలిచి ఉన్న చిలుక ఉంది. ఒక జీవి మనుగడ ఎక్కడో దూరపు చెట్టు మీద ఉన్న ఒక పక్షితో ముడిపడి ఉందన్న ఊహ, కథలో మాయగానే ఉన్నా, శుకసప్తతి ఊహకు పూర్తిగా భిన్నమైనది.

పంజరాన్ని పాపంగా చూసిన కథ కూడా ఓరుగల్లుకు దూరంలో లేదు. భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న స్వస్థలం నేలకొండపల్లి. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడేదాకా ఆ ఊరు వరంగల్ జిల్లాలోనే ఉండేది. తానీషా పాలనలో గోపన్న గోలకొండ చెరసాలలో 12 ఏళ్లు గడపడానికి కారణం, పూర్వజన్మలో ఆయన ఒక చిలుకను పంజరంలో బంధించడమేనని జనం చెప్పుకుంటారు. చారిత్రకంగా ఆ శిక్షకు కారణం రాజస్వపు సొమ్ము వ్యవహారం. అయినా భక్తుడు ఎందుకు బాధపడ్డాడన్న ప్రశ్నకు సమాధానంగా జనం ఎంచుకున్న నేరం హత్యా కాదు, దొంగతనమూ కాదు. ఒక పక్షిని బంధించడం. ప్రతి ఇంటి వసారాలోనూ పంజరం వేలాడే కాలంలో ఈ కథ పుట్టి, నిలిచింది. అలవాటును మానుకోకుండానే అది తప్పని తెలిసి ఉండటం మన సమాజానికి కొత్త కాదు.

ఈ కథలన్నిటిలోనూ చిలుక ఒక్కటే ఉంటుంది. ఇది కవుల కల్పన మాత్రమే కాదు, పెంపకపు మెళకువ. గుంపులో బతికే పక్షి చిలుక. తోటి చిలుకలు ఉంటే వాటి అరుపులే నేర్చుకుంటుంది, వాటితోనే మాట్లాడుతుంది. మనిషి మాట రావాలంటే కళ్లు పూర్తిగా తెరవక ముందో, ఈకలు వచ్చే దశలోనో గూటి నుంచి తీసి, ఒంటరిగా ఉంచి, మనుషులే దాని గుంపు అనిపించాలి. మాట నేర్పడం అంటే ముందు దాని మాట మరిపించడం. ఆ కారణంగా మన ఇళ్లలో వేలాది చిలుకలు జీవించి చనిపోయినా, వాటి సంతానం మాత్రం మిగలలేదు. చనిపోయిన ప్రతి చిలుక స్థానంలోకి అడవి నుంచి మరొకటి రావలసి వచ్చింది.

3. గూటి నుంచి సంతకు, సంత నుంచి చట్టానికి

పెద్దచిలుక దక్కనులో సాధారణంగా నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య గూడు పెడుతుంది. గడ్డీ పుల్లా తెచ్చి అల్లే గూడు కాదు అది. ముదురు చెట్టు కాండంలోని తొర్రే దాని గూడు. వడ్రంగిపిట్ట వదిలేసిన కంతను ముక్కుతో వెడల్పు చేసుకుంటుంది. రెండు నుంచి నాలుగు గుడ్లు పెట్టి, మూడు వారాలు దాటేదాకా పొదుగుతుంది. పిల్లలు ఎగరడానికి మరో ఏడు వారాల దాకా పడుతుంది. ఇంత పెద్ద పక్షికి పట్టే తొర్ర చిన్న చెట్టులో ఏర్పడదు. ఒకసారి కుదిరిన తొర్రకు ఏటేటా తిరిగి వస్తుంది గనుక ఆ చెట్టు తెలిసినవారికి ఏటేటా పిల్లలు దొరుకుతాయి. కొమ్మను నరికో, తొర్రను చీల్చో పిల్లలను తీస్తే ఆ ఏటి పిల్లలే గాక రాబోయే ఏళ్ల గూడు కూడా పోతుంది. వలవేసి పెద్ద పక్షిని పట్టడం కంటే ఈ పద్ధతి చేసే నష్టం ఎక్కువ. మాట నేర్చుకునేది పిల్లే కాబట్టి సంతలో గిరాకీ పిల్లకే ఉంది.

1931–32లో నిజాం ప్రభుత్వ సహకారంతో సాలిం అలీ హైదరాబాద్ రాజ్యంలోని పక్షులను సర్వే చేశారు. ఆ ఫలితాలు తరువాతి ఏళ్లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరుసగా వెలువడ్డాయి. తెలంగాణ పక్షులకు సంబంధించిన తొలి క్రమబద్ధమైన లెక్క అది. ఆ కాలపు శాస్త్రం తుపాకితో నమూనాలు సేకరించి జాతులను నమోదు చేసే శాస్త్రం. సంఖ్యలు తగ్గుతున్నాయా అన్నది దాని ప్రధాన ప్రశ్న కాదు. బ్రిటిష్ ఇండియాలో 1887లోనూ 1912లోనూ వచ్చిన పక్షి రక్షణ చట్టాలు కూడా వేటకు కాలపరిమితులు పెట్టడం వరకే ఆలోచించాయి.

మలుపు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మొదలైంది. అయితే అనుమతిపత్రాలతో చిలుకల వ్యాపారం మరికొన్నాళ్లు సాగింది. 1990–91 ప్రాంతంలో ఎగుమతి ఆగింది, 1991 సవరణతో దేశీయ పక్షుల వ్యాపారం దేశంలోపల కూడా నిషిద్ధమైంది. 2022 సవరణ జాబితాలను తిరిగి కూర్చినప్పటికీ ఆ నిషేధం కొనసాగుతూనే ఉంది. నేడు రామచిలుకను గాని పెద్దచిలుకను గాని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. చిలుకజోస్యం చెప్పేవారి చేతిలోని పక్షి కూడా చట్టం దృష్టిలో నేరానికి సాక్ష్యమే. విదేశీ జాతులైన బడ్జీలు, లవ్ బర్డ్స్ మాత్రం దుకాణాల్లో బహిరంగంగా దొరుకుతాయి.

నిషేధం తరువాత వ్యాపారం ఆగిపోలేదని అబ్రార్ అహ్మద్ 1990ల్లో ఉత్తర భారతపు పక్షుల సంతలపై చేసిన విస్తృత పరిశీలన చూపింది. చిలుకలు ఆ వ్యాపారంలో ముఖ్యభాగం. ఈ విషయంలో పట్టేవాణ్ణి మాత్రమే దోషిగా నిలబెట్టడం తేలిక. పిట్టలు పట్టి బతికిన కుటుంబాలకు తరతరాల వృత్తి ఒక్క చట్టంతో నేరమైపోయింది. ఎక్కవలసిన చెట్టు, తొర్రలో ఉండగల పాము, పట్టుబడితే జైలు అన్నీ వారివే. చిలుకకు ధర పెట్టినది మాత్రం పట్టణపు ఇల్లు. వసారాలో పలికే చిలుక ముచ్చటగా ఉంటుందన్న ఇష్టం రెండు వేల ఏళ్ల నాటిది, చట్టం వయసు దాని ముందు చాలా చిన్నది.

4. ఏడు సముద్రాల ఆవలి చిలుక

1834లో మారిషస్ చెరకుతోటలకు భారతీయ ఒప్పందపు కూలీల వలస మొదలైంది. తరువాతి దశాబ్దాల్లో నాలుగున్నర లక్షల మందికి పైగా ఆ దీవి చేరారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాల తెలుగువారు ఎక్కువగా కోరంగి రేవు మీదుగా వెళ్లడంతో అక్కడ వారికి కోరంగివారన్న పేరే స్థిరపడింది. నేడు ఆ దేశంలో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయి. వలసవచ్చిన మనుషుల చరిత్ర తెలుగులో కొంత రాయబడింది. అదే శతాబ్దిలో ఆసియా నుంచి పంజరాల్లో అక్కడికి చేరిన రామచిలుక చరిత్ర మాత్రం తెలుగు పాఠకులకు దాదాపు అపరిచితం.

మారిషస్‌కు తనదైన చిలుక ఒకటుంది. డోడో అంతరించిన ఆ దీవుల సముదాయంలో ఒకప్పుడు అనేక చిలుకజాతులు ఉండేవి. మిగిలింది ఇదొక్కటే. 1876లో దీనికి ఎకో అనే పేరు పెట్టారు. గ్రీకు పురాణంలో ఎకో ఒక వనదేవత. ఇతరుల చివరి మాటను తిరిగి పలకడం తప్ప సొంతమాట లేకుండా శాపం పొందింది. చిలుకకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ఐరోపా పండితునికి కూడా పలుకే గుర్తుకు రావడం గమనార్హం. రూపంలోనూ జన్యువుల్లోనూ ఈ పక్షి మన రామచిలుకకు చాలా దగ్గరిది. చూసినవాడు కొంచెం లావుపాటి, తోక పొట్టిదైన రామచిలుక అనుకుంటాడు.

చెరకు కోసం అడవులు నరికివేయగా దీవిలో మేలైన సహజ అడవి రెండు శాతం లోపే మిగిలింది. ఎలుకలు, కోతులు గుడ్లను, పిల్లలను తినేవి. తుపానులు ముదురు చెట్లను కూల్చేవి. 1886 ప్రాంతంలో పంజరాల నుంచి తప్పించుకున్న రామచిలుకలు వృద్ధి చెంది మిగిలిన తొర్రల కోసం పోటీపడ్డాయి. బంధువే దాయాది అయింది. 1980ల నాటికి తెలిసిన ఎకో చిలుకలు పది అటూఇటూగా ఉండేవి. ప్రపంచంలోకెల్లా అరుదైన చిలుకగా దీనిని పేర్కొనేవారు.

1979లో వేల్స్ నుంచి వచ్చిన కార్ల్ జోన్స్ అంతకుముందు నాలుగు పక్షుల దాకా పడిపోయిన మారిషస్ కెస్ట్రెల్ డేగను నిలబెట్టే పనిలో ఉన్నాడు. మారిషస్ ప్రభుత్వం, 1984లో ఏర్పడిన మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్, జెర్సీలోని డరెల్ సంస్థ కలిసి చిలుకల పని చేపట్టాయి. వారు మొదట చూసినది పంజరం కాదు, తొర్ర. ఎలుకలు, కోతులు ఎక్కకుండా గూటిచెట్ల కాండాలకు నున్నని తొడుగులు, తొర్రల్లోకి వాననీరు చేరకుండా మరమ్మతులు, పిల్లల రక్తం పీల్చే గూటి ఈగలకు మందు. ఈ పనులు చేస్తూ గమనించిన ముఖ్య విషయం ఒకటి: తల్లి రెండో మూడో గుడ్లు పొదిగినా చాలాసార్లు ఒక్క పిల్లే బతుకుతుంది, చిన్నవి ఆకలితో చనిపోతాయి. చనిపోవడానికి సిద్ధంగా ఉన్న ఆ చిన్నపిల్లలనే పెంపకకేంద్రానికి తీసుకువచ్చారు. గుడ్లు చెడిపోయిన జంటలకు కొన్ని పిల్లలను దత్తత ఇచ్చారు. అడవి నుంచి తీసుకోవడం అనే మాటకు ఇక్కడ అర్థం మారింది. మన సంతకు చేరే పిల్ల బతకవలసిన పిల్ల. బ్లాక్ రివర్ కేంద్రానికి చేరిన పిల్ల లేకపోతే చనిపోవలసిన పిల్ల. రెండు సందర్భాల్లోనూ చెట్టెక్కినవాని చేయి చేసిన పని ఒకటే.

1997 నుంచి 2005 దాకా దాదాపు 140 చిలుకలను అడవికి వదిలారు. మనుషుల చేతుల్లో పెరిగిన వాటిలో కొన్ని భయం తెలియక నేలమీదికి దిగి ముంగిసలకు, పిల్లులకు చిక్కాయి. పలకడం నేర్పకపోయినా మనిషి దగ్గర పెరిగిన అలవాటు వాటిని బలిగొంది. మరోవైపు ఊహించని మేలు కూడా జరిగింది. అడవిలో పుట్టిన చిలుకలు చాలాకాలం మేతపెట్టెలనూ, చెక్కతో చేసిన గూటిపెట్టెలనూ పట్టించుకోలేదు. కేంద్రంలో పెరిగినవి వాటికి అలవాటుపడి ఉండటంతో విడుదల తరువాత కూడా వాడుకున్నాయి. వాటిని చూసి అడవిచిలుకలు నేర్చుకున్నాయి. పంజరం నుంచి వచ్చిన పక్షి గుంపుకు పాఠం చెప్పింది. శుకసప్తతి చిలుక ఇంత పని చేయలేదు.

2005 ప్రాంతంలో ముక్కునూ ఈకలనూ పాడుచేసే వైరస్ వ్యాధి బయటపడింది. చిలుకజాతుల్లో విస్తృతంగా కనిపించే ఈ వ్యాధి దీవిలోని రామచిలుకల్లో కూడా ఉంది. పక్షులను చేతితో తాకి, ఒక గూటి నుంచి మరో గూటికి మార్చే పని అప్పటి నుంచి బాగా తగ్గించారు. గూటిపెట్టెలు, మేత మాత్రం కొనసాగాయి. ఫలితాలు నిలకడగా పెరిగాయి. 2007లో ఈ జాతి అత్యంత ప్రమాదకర స్థితి నుంచి ఒక మెట్టు దిగింది, 2019లో మరో మెట్టు దిగింది. అప్పటికి సంఖ్య 750కి చేరువైంది. ఇందులో విడుదల చేసిన చిలుకల వాటా ఎంత, చెట్ల మీద చేసిన పని వాటా ఎంత అని విడదీయడం కష్టం. ఒకటి లేకుండా రెండోది నిలిచేది కాదు.

5. వదలడం, విడుదల చేయడం

తెలుగులో వదలడం, విడుదల చేయడం దాదాపు ఒకే అర్థంలో వాడే మాటలు. చిలుకల విషయంలో ఈ రెంటి మధ్య తేడా చావుబతుకులదిగా మారుతుంది. పుణ్యం కోసం పక్షులను కొని ఆకాశంలోకి ఎగరవేయడం అనేక మతాచారాల్లో ఉంది. రామదాసు కథ విన్న మనసుకు పంజరం తలుపు తీయడమే పరిష్కారంగా తోస్తుంది. కానీ రెక్క ఈకలు కత్తిరించిన పక్షి ఎగరలేదు. ఏళ్ల తరబడి పంజరంలో కూర్చున్న పక్షికి రెక్కల కండ బలం ఉండదు. గుంపు అరుపు తెలియని పక్షిని గుంపు చేరనివ్వదు. మనిషిని చూస్తే భుజం మీద వాలే పక్షి మరుసటి రోజే మరొకరి పంజరంలో ఉంటుంది. కొన్నవాడు మళ్లీ కొనడం వల్ల పట్టినవాడికి గిరాకీ కూడా పెరుగుతుంది.

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 2013లో వెలువరించిన మార్గదర్శకాలు ఈ విషయంలో కఠినంగా ఉన్నాయి. ఒక జాతి తగ్గడానికి కారణమైనది తొలగిందా, వదలబోయే చోట తిండీ గూడూ ఉన్నాయా, పక్షుల్లో వ్యాధులు లేవని తేలిందా, అవి ఏ ప్రాంతపు జన్యుసంతతికి చెందినవో తెలుసా, వదిలిన తరువాత ఏళ్ల తరబడి గమనించేవారు ఉన్నారా అన్న ప్రశ్నలకు సమాధానం కావాలంటాయి. దాడిలో దొరికిన చిలుక ఏ అడవిదో చెప్పడం సాధారణంగా సాధ్యం కాదు. బ్రెజిల్‌లో అడవి నుంచి పూర్తిగా అంతరించిన స్పిక్స్ మకావ్‌ను 2022 జూన్‌లో కురసా దగ్గర తిరిగి వదిలినప్పుడు, ఎనిమిది పక్షులతో మొదలుపెట్టారు. అంతకు ముందు దశాబ్దాల శ్రమ ఉంది.

తెలంగాణకు ఈ పద్ధతి పూర్తిగా అపరిచితం కాదు. 1975లో దేశవ్యాప్తంగా మొదలైన మొసళ్ల పథకంలో హైదరాబాద్ నెహ్రూ జంతుప్రదర్శనశాలకు ప్రముఖ స్థానం ఉంది. గుడ్లను పొదిగించి, పిల్లలను కొంత ఎదిగేదాకా కాపాడి జలాశయాలకు చేర్చారు. 2010లో అదే ప్రదర్శనశాల, సీసీఎంబీ శాస్త్రవేత్తలు, కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ కలిసి మూషిక జింకల ప్రజననం చేపట్టారు. కొద్ది జంతువులతో మొదలైన ఆ మంద పెరిగిన తరువాత, 2017 నుంచి అమ్రాబాద్ అడవిలో కంచె వేసిన ఆవరణలో ముందు అలవాటు చేసి, ఆపైన బయటికి పంపారు. మొసలికి తల్లి నేర్పవలసినది తక్కువ. గుడ్డు నుంచి బయటపడ్డ నాటి నుంచే అది వేటగాడు. మూషిక జింక ఒంటరిగా, చాటుగా బతికే జీవి. చిలుక అలా కాదు. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, డేగ నీడ ఎలా ఉంటుందో, సాయంత్రం ఎక్కడ గుమిగూడాలో గుంపు నేర్పితేనే తెలుస్తుంది. నేర్చుకునే శక్తే చిలుకను పంజరానికి తెచ్చింది. విడుదలను కష్టం చేసేది కూడా ఆ శక్తే.

6. పెద్దచిలుకకు ఏది ముందు

పెద్దచిలుక బంధనంలో పిల్లలను పెట్టని జాతి కాదు. జంటగా, విశాలమైన ఆవరణలో, తొర్రవంటి పెట్టె అమర్చితే పెడుతుంది. ఐరోపా పెంపకందారులు ఎన్నో దశాబ్దాలుగా పెంచుతున్నారు. వాటి నుంచి తప్పించుకున్నవి బ్రస్సెల్స్, ఇస్తాంబుల్ వంటి నగరాల ఉద్యానవనాల్లో గుంపులుగా స్థిరపడ్డాయి. పరాయి నగరంలో పెరుగుతూ, సొంత అడవిలో తరిగే జాతి ఇది. పెంచగలమా అన్న ప్రశ్నకు ఈ విధంగా సమాధానం ఎప్పుడో దొరికింది. మిగిలిన ప్రశ్న అది ఎక్కడికి వెళ్లాలన్నదే.

పెద్దచిలుకను పెంపకకేంద్రాల్లో పెంచి అమ్మకానికి అనుమతిస్తే అడవి మీద ఒత్తిడి తగ్గుతుందన్న వాదన ఉంది. వాదన పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు. బడ్జీల విషయంలో జరిగినది అదే. కాని పెంపకపు పిల్ల, గూటి నుంచి తీసిన పిల్ల చూపుకు ఒక్కటే. గుర్తుగా వాడే అతుకులేని కాలి కడియం పిల్ల వేళ్లు చిన్నగా ఉన్న మొదటి వారాల్లో మాత్రమే పడుతుంది. గూటి నుంచి చాలా చిన్నవయసులో తీసిన పిల్లకు కూడా దానిని తొడగవచ్చు. తనిఖీ బలంగా లేనిచోట అనుమతిపత్రం దొంగసొత్తుకు పేరు మార్చే సాధనం అవుతుంది. అందుచేత నిషేధాన్ని సడలించకపోవడమే నేటికి మేలు.

మారిషస్ పని పది పక్షులు మిగిలినప్పుడు చేసినది. పెద్దచిలుక ఆ స్థితికి చేరలేదు. ఇంకా గుంపులు ఉన్నాయి, గుంపు నేర్పే పాఠం ఇంకా తెగిపోలేదు. ఆ పాఠం ఉండగా పంజరంలో కొత్తగా మొదలుపెట్టడం ఖర్చుతో కూడిన చుట్టుదారి. మారిషస్ నుంచి ముందుగా తీసుకోవలసినది కేంద్రం నమూనా కాదు, తొర్రల దగ్గర చేసిన పని. పాకాల, ఏటూరునాగారం వంటి అడవుల్లో ముదురు చెట్లనూ, నిలిచి ఎండిన మానులనూ పనికిరాని కలపగా కొట్టివేయకుండా ఉంచడం అందులో మొదటిది. ఎండిన మాను కట్టెలకు పోతే అందులోని తొర్ర కూడా పోతుంది. ముదురు చెట్లు లేని టేకు తోటల్లో గూటిపెట్టెలు పనిచేస్తాయో లేదో చిన్న ఎత్తున పరీక్షించవచ్చు. గూటిచెట్లు తెలిసినవారు ఇప్పటికే ఊళ్లలో ఉన్నారు. పిల్లలను తీసేందుకు ఉపయోగపడిన ఆ జ్ఞానానికి కాపలా పనిలో కూలి కట్టిస్తే, చట్టం తీసివేసిన జీవనోపాధిలో కొంతైనా తిరిగి వారికి చేరుతుంది.

జంతుప్రదర్శనశాలలకు ఇందులో పని లేదని కాదు. వరంగల్ హంటర్ రోడ్డులోని కాకతీయ జంతుప్రదర్శనశాల వంటి చిన్న సంస్థల నుంచి వేల పిల్లల ఉత్పత్తిని ఆశించనక్కరలేదు. దాడుల్లో దొరికిన చిలుకలకు వ్యాధి పరీక్ష, రెక్కలు తిరిగి మొలిచేదాకా పెద్ద ఆవరణలో గుంపుగా ఉంచడం, మనుషుల మాట వీలైనంత తక్కువ వినిపించేలా చూడటం ఆ స్థాయిలో ఆలోచించదగిన పనులు. రామచిలుకలైతే వదిలిన చోట గుంపు దొరికే అవకాశం ఎక్కువ. పెద్దచిలుకలను మాత్రం అవి ఉన్నాయని తెలిసిన అడవి అంచునే, మేత పెడుతూ, కాలికి గుర్తు తొడిగి, కనీసం ఒక గూటికాలం గడిచేదాకా చూడవలసి ఉంటుంది. ఇలా వదిలిన పక్షి అడవి చిలుకతో జతకట్టి తొర్ర చేరిందా లేదా అన్నదే ఆ పని ఫలించిందో లేదో చెప్పగలిగే ఏకైక గుర్తు. దానిని నమోదు చేయాలంటే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా చెట్టు కింద ఎవరో ఒకరు ఓపికగా నిలబడాలి.